జీడి మిషన్లకు పన్నెండు గుండ్లు

ప్రభుత్వ వర్క్‌షాపులో టర్నర్‌గా పదవీ విరమణ చేసిన మరుసటి వేసవిలో, నర్సీపట్నంలో మా పెరటి రేకుల షెడ్డులో పెట్టుకున్న చిన్న లేతుకు మొదటి పని వచ్చింది. తెచ్చింది సత్తెమ్మ గారు. కోటవురట్ల దగ్గర జీడిపిక్కలు కోసే చోట పన్నెండు మంది ఆడవాళ్లకు ఆమె మేస్త్రీ.

కోత మిషన్ల హ్యాండిళ్ల చివర ఉండే ప్లాస్టిక్ గుండ్లు పగిలిపోయి, ఉత్త కడ్డీలు మిగిలాయట. "అరసేతులు బొబ్బలెక్కిపోతన్నాయండి. ముగ్గురు పని మానేసారు. బేగి సేసివ్వండి," అన్నారు.

ఉద్యోగమంతా నేను షాఫ్టులు, బుష్‌లు, మరలు చేసినవాడిని. గుండు ఒక్కటీ చేయలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

లేతులో లోహం తిరుగుతుంటే ఉలి తిన్నగా జరుగుతూ కోస్తుంది. గుండు కావాలంటే ఉలి కూడా వంపు తిరగాలి. అందుకని ఒక మేకు చుట్టూ తిరిగే ఉలిపట్టు తయారు చేసుకున్నాను. ఆ మేకు సరిగ్గా గుండు నడిమధ్య కిందికి రావాలి. కడ్డీకి బిగించడానికి ఇత్తడి ముక్కకు మర కోసి, ఉలిని మెల్లగా తిప్పాను. లోపలి నుంచి మెరుస్తూ గుండు బయటపడింది! అడ్డంగా కొలిస్తే ముప్పై మిల్లీమీటర్లు, వెంట్రుకవాసి తేడా లేదు. మా ఆవిడను కేకేసి మరీ చూపించాను.

పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చిన సత్తెమ్మ గారు కళ్లు మూసుకుని దాన్ని అరచేతుల మధ్య దొర్లించారు. "ఏటండీ ఇది? నిమ్మకాయలాగ సాగింది."

నాకు కోపం వచ్చింది. ఏటవాలుగా కొలిచి చూస్తే నిజంగానే పావు మిల్లీమీటరు ఎక్కువ! మేకు పక్కకు జరిగింది. సరిచేసి రెండోది తిప్పాను. ఆమె మళ్లీ కళ్లు మూసుకుని, పకపకా నవ్వేశారు. "ఇదండీ గుండంటే!"

మా ఆవిడ దాన్ని లాక్కుని గచ్చు మీద వదిలింది. అది తిన్నగా గుమ్మం దాకా దొర్లింది. ముగ్గురం చిన్నపిల్లల్లా దాని వెంట పడ్డాం.

నాలుగో రోజు వాళ్ల జీడి షెడ్డుకు వెళ్లి, మిషన్లకు పన్నెండూ బిగించాను. మానేసిన ముగ్గురూ తిరిగొచ్చారు. నన్ను కూర్చోబెట్టి పిక్క కోయించారు. నేను కోసింది నుజ్జయింది. ఆ షెడ్డంతా ఒకటే నవ్వుల గోల.

గుండ్రని వస్తువును ఒకవైపే కొలవకూడదని, వాడేవాళ్ల చేతికిచ్చి చూసేదాకా పని పూర్తయినట్టు కాదని నాకు పదవీ విరమణ తరువాతే తెలిసింది.