లేత గులాబీ దగ్గర ఆగని చెయ్యి

ఆ రోజు హిందూపురం కాలేజీలో నా బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్. మాది ధర్మవరంలో పట్టుకు రంగులు వేసే ఇల్లు. అప్పటికే ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే చదువు మాని మగ్గం గుంతలో కూర్చుని చీరలు నేయాల్సిందేనని నాయన ముందే చెప్పాడు.

అయానిక సమతాస్థితి పాఠమంతా నాకు కంఠతా వచ్చు. ఫ్లాస్కులో సూచిక కలిపిన ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి క్షారం చుక్కలుగా వదిలాను. లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది. అదే ఎండ్ పాయింట్, అక్కడే ఆపాలి. కానీ అంత లేత రంగు చూస్తే మా ఇంట్లో "రంగు ఇంగా పట్టలేదు" అంటారు. నా చెయ్యి ఆగలేదు. ముదురు రాణి రంగు వచ్చాకే ఆపి, తృప్తిగా చూసుకున్నాను.

"ఎండ్ పాయింట్ ఎప్పుడో దాటిపోయిందమ్మా. టైమూ అయిపోయింది" అన్నారు మేడం.

ఇంటికొచ్చేసరికి నాయన రంగునీళ్లలోంచి పట్టు ఎత్తి చూపించాడు. అదే రాణి రంగు.

"బాగా పట్టిండాదా, పాపా?"

"పట్టింది నాయనా" అన్నాను. ఇప్పుడు మగ్గం గుంతలో కూర్చుని ఆ రంగే నేస్తున్నాను.