మా కూలర్‌లో కప్ప

ఆషాఢం సగమైనా మునగాలలో ఎండలు తగ్గలేదు. ఏటికేడు ఎండాకాలం ఇలాగే సాగుతోంది. వాన కోసం మా వీధి ఆడవాళ్లు ఈ రోజు కప్పతల్లి ఆడదామనుకున్నారు. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పితే, అందరూ దాని మీద నీళ్లు పోసి వానను అడుగుతారు. తీరా చూస్తే ఊళ్లో కప్పే దొరకలేదు.

మధ్యాహ్నం పక్కింటి యాదమ్మ పెద్దమ్మ వచ్చింది.

"చెరువంత తిరిగినం బిడ్డా, నెర్రెలు తప్ప ఏం లేవు. మీ కూలర్ల ఒకటున్నదట గద, జర ఇయ్యి."

నిజమే. వారం నుంచి మా కూలర్ తొట్టిలో ఒక కప్ప కాపురముంటోంది.

"ఎండల తిప్పితే సస్తది గద పెద్దమ్మా?"

"వాన రాకుంటె మాత్రం బతుకుతదా?"

తొట్టిలోంచి తీసి ఇచ్చేశాను. మా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు అందరూ చెంబుడు పోస్తే నేను బిందెడు పోశాను.

ఆట అయ్యాక కప్పను చెరువులో వదలాలి. సాయంత్రం పెద్దమ్మ దాన్ని తెచ్చి మళ్లీ మా కూలర్‌లోనే వదిలింది.

"ఇప్పుడు మనూరి చెరువు గిదే" అంది.

అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కాసేపు ఆకాశాన్ని, కాసేపు తొట్టిని చూస్తున్నాను. ఇంతకీ మీ ఊళ్లో కప్పలు ఎవరింట్లో ఉంటున్నాయి?