చెంగయ్య తూలుడడుగు

చంద్రగిరి దగ్గరి పల్లెలో చెంగయ్య చెక్కభజన గురువు. చెక్కలు మోగించడంలో ఆయనకెంత పేరుందో, తాగడంలోనూ అంతే పేరు. ఆ రెంటినీ విడదీసి చూడొచ్చని ఎవరికీ తోచలేదు, చెంగయ్యతో సహా.

ఆయన భజన దళానికి పేరు తెచ్చింది ఒకే ఒక్క అడుగు. పాట మూడో చరణంలో పద్నాలుగు మంది ఒక్కసారిగా కుడివైపు ఒరిగి, అయ్యో పడిపోతున్నారే అనిపించి, తమాయించుకుని మళ్లీ వరసలోకి వచ్చేవాళ్లు. జనం ఈలలే ఈలలు! అసలు సంగతేమిటంటే, ఆ అడుగు ఎవరూ కట్టింది కాదు. గురువు కాలు ఎటుపోతే శిష్యుల కాలూ అటే పోవాలి కదా. మూడో చరణానికి గురువు తూలాడు, వీళ్లూ తూలారు. ఆరేళ్లపాటు భక్తిగా తూలారు.

చివరికి కాలేయం మొరాయించింది. చెంగయ్య తిరుపతిలో మందు మాన్పించే చోట నెల రోజులుండి వచ్చాడు. ఎనిమిది నెలలుగా చుక్క ముట్టలేదు. మనిషికి కళ వచ్చింది, అడుగు పోయింది. తూలదామని ఎంత ప్రయత్నించినా కాళ్లు నిటారుగా నిలబడి మొండికేస్తున్నాయి. ఏం చోద్యమో!

అంతలో తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల్లో అమ్మవారి వాహనం ముందు ఆడమని పిలుపొచ్చింది.

"సామీ, ఆ అడుగు లేకుంటే మనల్ని ఎవురు సూస్తారు? ఆ ఒక్కరోజుకీ రవ్వంత ఏసుకో. అమ్మోరి పనే గదా" అన్నాడు పెద్ద శిష్యుడు గుణశేఖర్.

చెంగయ్యకు కోపం రాలేదు, భయమేసింది. తాగకపోతే తాను గురువే కాదేమోనన్న అనుమానం ఆయన్నూ ఎనిమిది నెలలుగా తొలుస్తూనే ఉంది. ఆ మాటే భార్య మునిలక్ష్మితో అన్నాడు.

"ఓస్, దీనికేనా? నువ్వెట్ట తూలినావో నీకేం తెలుసు? ఇరవై ఏండ్లు పట్టుకున్నదాన్ని నేను. సూడు!" అని ఆమె కొంగు దోపుకుని వాకిట్లో నడిచి చూపించింది. కళ్లు వాల్చి, మెడ వేలాడేసి, కుడికి ఒరిగింది. చెంగయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"ఇదో, ఈడికొచ్చినాక నేను పట్టుకుంటా ఉంటి" అని ఆమె ఒంటికాలి మీద ఆగింది.

చెంగయ్య నవ్వు ఆగిపోయింది. సిగ్గుతో తల దించుకున్నాడు. కాసేపటికి చెక్కలు అందుకుని, "ఆడే ఉండు, కదలొద్దు" అన్నాడు.

తిరుచానూరులో పొద్దున వాహనం ముందు మూడో చరణం వచ్చింది. పద్నాలుగు మంది కుడికి ఒరిగి ఒంటికాలి మీద ఆగిపోయారు. చెక్కల చప్పుడూ ఆగింది. ఇది చెంగయ్య కొత్తగా కట్టిన అడుగు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల ఉన్న మునిలక్ష్మి చెయ్యి అలవాటుగా ముందుకు సాగింది.

చెంగయ్య ఆ చేతిని చూశాడు. చూస్తూనే ఎత్తిన కాలు నేలకు దించి, చెక్కలు టక్కున మోగించి, తనంతట తానే వరసలోకి వచ్చేశాడు.

మునిలక్ష్మి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దాన్నేం చేసుకోవాలో తోచక, కాసేపటికి ఆమె కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టింది.