ఖాసింబీ అరచేతుల్లో జెల్లు

కర్నూలులో బయట ఎండ మండిపోతోంది. లోపల మా ల్యాబులో, ఏసీ చలిలో, మత్తిచ్చిన చిట్టెలుకలకు గుండె స్కానింగ్ చేస్తున్నాను. ఛాతీ మీద జెల్లు రాసి చూసిన ప్రతిసారీ గుండె వేగం పడిపోతోంది. వారంగా ఇదే వరస. మేం వాటి మీద పరీక్షిస్తున్న మందే గుండెను నీరసపరుస్తోందని మా గైడుకు రాయబోతున్నాను.

ఎలుకల బాగోగులు చూసే ఖాసింబీ పక్కనే ఉంది. "పోయిన నెల ఆస్పత్రిలో నాకూ ఇదే తీసినారు మేడమ్. జెల్లు శానా సల్లగుండె, పానం జల్లుమనె. ఇంత జీవానికి ఇంకెంత సలి పెడ్తాందో!" అంది.

జెల్లు సీసాను అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని ఇచ్చింది. ఈసారి వేగం పడిపోలేదు. వారం కొలతలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

మత్తులో ఉన్న ఎలుక గుండె చలికి నెమ్మదిస్తుందని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎదురుగా ఉన్న ఎలుకకు చలేస్తోందని మాత్రం తోచలేదు. మీకూ ఇలా జరుగుతుందా, లేక నేనొక్కదాన్నేనా?