ఖాళీగా తిరిగొచ్చే గిన్నె

మా ఎదురింటి మామ్మ పోయి పదకొండు రోజులైంది. బరంపురంలో మా సందులో ఎవరినడిగినా ‘వయసైంది, వేడి చేసింది, పోయింది’ అంటున్నారు. కాదు. మామ్మ రక్త విరేచనాలతో పోయింది. ఆ మాట పైకి అనడానికి సందు మొత్తానికి సిగ్గు. ఆ సిగ్గును చూస్తేనే నాకు ఒళ్లు మండుతోంది.

మామ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఊళ్లు రంభ నుంచీ ఖల్లికోట నుంచీ తువ్వాళ్లలో చుట్టి తెచ్చిన పసిపిల్లలకు ఏళ్ల తరబడి పక్కలు మార్చింది. ఇంట్లో సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకునేది, గోళ్ల సందులు కూడా వదిలేది కాదు. మేం వెనకనుంచి నవ్వుకునేవాళ్లం.

మా వాళ్లలో ఒకరి గిన్నె ఇంకొకరింటికి వెళ్తే ఖాళీగా తిరిగి రాకూడదు. పప్పో, పచ్చడో, కనీసం చారెడు పంచదారో వేసి పంపాలి. నేను కాపురానికొచ్చిన కొత్తలో మామ్మ నా గిన్నెను మరిగించి, ఎండబెట్టి, ఖాళీగా తెచ్చిచ్చింది. ఎంత పిసినారితనం అనుకున్నాను. ఉండబట్టలేక అడిగేశాను కూడా.

“మా మనవడికి ఝాడా పట్టిందే” అంది, విరేచనాలకు ఇక్కడి ఒడియా మాట వాడి, సందంతా వినబడేలా. “ఇప్పుడు నీకు కూరెట్టి పంపితే రోగం కూడా పంపినట్టు గాదేటి?”

ఇంట్లో రోగాన్ని అలా వీధిలో నిలబడి చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. దాని దారి కూడా ఆవిడే చెప్పింది. “దొడ్డికెల్లిన సెయ్యి, ఆ సెయ్యి ముట్టుకున్న నీల్లు, ఆటి మీద ఆలిన ఈగ, ఆకరికి నీ నోరు. అంతేనే. కట్టింది గదా అని సంబరపడిపోకు. విరోసనం ఆగినా పురుగు ఆగదు. ఇంకో రెండు మూడు వారాలు కడుపులోనే ఉంటాది.”

మూడు వారాల కిందట మా సందు చివరింట్లో గృహప్రవేశం. నాలుగు రోజుల ముందు వాళ్ల మూడేళ్ల పిల్లకి విరేచనాల్లో నెత్తురు పడింది. ఆ ఇంటి పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, “ఏడి సేసింది, కట్టీసింది. మామ్మకి మాత్రం సెప్పకమ్మా, బోజనాలు ఆపించేస్తాది” అంది. నేను తలూపాను. శుభమా అని ఇల్లు కట్టుకుంటే మనకెందుకులే అనుకున్నాను.

భోజనాల్లో ఆ పిల్ల మామ్మ ఒళ్లోకెక్కి, గుప్పెట్లోని బూంది ఆవిడ నోట్లో పెట్టింది. మామ్మ మురిసిపోయి తింది. అదే వరసలో కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. నా నోట్లో పులిహోర ఉంది, మాట లేదు.

రెండో రోజుకి మామ్మ మంచం పట్టింది. “ఇది ఉత్తి ఝాడా గాదు, నెత్తురు పడతంది, ఆస్పత్రికి తీసుకెల్లండి” అని తనే చెప్పింది. వేడి అని మజ్జిగ తాగిస్తూ ఇంట్లోవాళ్లు రెండు రోజులు గడిపారు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టేసరికే కళ్లు లోతుకు పోయాయి. నేను అప్పుడు నోరు విప్పాను. చిన్నపిల్ల సంగతి చెప్పాను.

మామ్మ తిట్టలేదు. “ముందే సెప్తే పిల్లని దింపీదాన్ని అనుకున్నావేటే? ఒల్లో కూకోబెట్టుకుని, సబ్బెట్టి సెయ్యి కడిగి, నానే తినిపించీదాన్ని గదే” అంది.

తిట్టినా బాగుండేది.

పదో రోజు భోజనాల్లో చివరింటి పెద్దావిడ నా పక్కన కూర్చుని, “ఏటో, మామ్మకి ఏడి సేసీసింది” అని నిట్టూర్చింది.

“ఏడి కాదు పెద్దమ్మా, నెత్తురు ఝాడా. మీ పిల్ల దగ్గర్నుంచి వచ్చింది. పిల్ల తప్పేం లేదు. దాచింది మీరూ నేనూ” అన్నాను. విస్తళ్ల మీద చేతులు ఆగిపోయాయి. శుభ్రం అశుభ్రం అని గడపగడపకీ పసుపు రాసుకునే మనం ఒక్క మాట చెప్పుకోలేకపోయామని కూడా అన్నాను. చివరింటి కోడలు లేచి, పిల్లని ఎత్తుకుని, కుళాయి దగ్గరికెళ్లి సబ్బు అడిగింది.

వేసవిలో పనసకాయ కూర పెట్టి పంపిన మామ్మ స్టీలు గిన్నె ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. ఈ పొద్దున్న దాన్ని నీళ్లలో వేసి మరిగించాను. తీసుకెళ్లి ఆవిడ అరుగు మీద, ఎండ తగిలేచోట, ఖాళీగా బోర్లించి వచ్చాను.