కుసుమ నూనె మీద వేసిన నింద

ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, మా అత్తమ్మ చేతుల వైపు చూడకుండా ఇన్నేళ్లు గడిపాను. గుండె మీద బరువు అంటారు కదా. నాకైతే అది గుండెలో లేదు. నాలుక కింద ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు కనుకే మీకు చెబుతున్నాను.

నేను మాట పడే మనిషిని కాను. జహీరాబాద్‌కు కోడలిగా వచ్చిన కొత్తలోనే మా గల్లీలో ఆ పేరు తెచ్చుకున్నాను. బీఎస్సీ చదివాను. అత్తమ్మ బడి ముఖం చూడలేదు. కానీ గల్లీలో ఎవరింట్లో కాన్పయినా పసిగుడ్డుకు తానం పోయడానికి ఆమెనే పిలిచేవారు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని, కుసుమ నూనె రాసి, సెనగపిండితో రుద్ది నీళ్లు పోసేది. ఎంత గొంతు చించుకునే పిల్లలైనా ఆమె చేతుల్లో కాసేపటికి నిమ్మళించేవారు.

మా బాబు పుట్టాక ఆ నూనె వద్దన్నాను. గానుగ నూనెలో ఏముందో ఎవరికి తెలుసని వాదించాను. సువాసన లేనిది, రంగు కలపనిది, పసిపిల్లల కోసమే చేసినది అని సీసా వెనక అక్షరం అక్షరం చదివి ఒక లోషన్ తెప్పించాను. ఆమె తన పద్ధతి మానలేదు, నేను నాది మానలేదు. పొద్దున ఆమె నూనె, సాయంత్రం నా లోషన్. ఇంట్లో రోజూ అదే పంచాయితీ.

అంతలో బాబుకు డైపర్ కట్టే చోట ఎర్రగా పొక్కింది. నా లోషన్‌తో తగ్గలేదు. ఆమె ఒక్క మాట అనలేదు. అనకపోవడానికే నాకు ఎక్కువ మండింది. నా మెడ మీది దురదకు మెడికల్ షాపువాడు ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబ్ ఒకటి అలమారలో ఉంది. అది రాస్తే ఎలాంటి దురదైనా ఇట్టే మాయమయ్యేది. డాక్టర్ చెప్పనిదే వాడొద్దని దాని మీద కూడా రాసి ఉంది. చదవలేదని మీకు అబద్ధం చెప్పను. చదివే పూశాను, తలుపు దగ్గరకేసి.

పొక్కులు పోయాయి. నా లోషన్ గొప్పతనమని అందరికీ చూపించాను.

ఎవరి కోసం పూశాను? బాబు ఏడుపు చూడలేకనా? అదీ కొంత ఉంది. కానీ తగ్గిన తర్వాత కూడా, కాస్త ఎరుపు కనిపించిన ప్రతిసారీ పూస్తూనే పోయాను. ఎందుకంటే ఆపితే తిరిగొచ్చేది, తిరిగొస్తే ఇంటిల్లిపాది ముందు నా లోషన్, నా చదువు, నా నోరు అన్నీ ఓడిపోయేవి.

కొన్ని వారాలకు అక్కడ చర్మం ఉల్లిపొరలా పలచబడింది. పుండ్లు పడ్డాయి. నేనూ అత్తమ్మా బాబును పిల్లల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టర్ చూశారు.

"ఏం పూస్తున్నరమ్మా బాబుకు?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ చెప్పేసింది. దాచడం ఆమెకు రాదు.

"కుసుమ నూనె సార్. జర సెనగపిండితోని రుద్దుత."

డాక్టర్ నా వైపు తిరిగారు. "ఇంకేమన్న ట్యూబ్ గిట్ల పూసిన్రా? నిజం చెప్పున్రి."

"లేదు సార్. నేను ఎన్నిసార్లు వద్దన్న, మా అత్తమ్మ ఇంటలేదు."

లేదన్నది భయంతో అనుకోండి. ఆ తర్వాతి మాట? అది నన్నెవరు అడిగారు?

ఆయన ఆమెను గట్టిగా మందలించారు. ఆమె కొంగు సర్దుకుని తప్పయిందని ఒప్పుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె బాబును ఎత్తుకోలేదు. ట్యూబ్ ఆ రోజే పారేశాను. ఆపాక పుండ్లు ఇంకా ఎక్కువయ్యాయి. బాబు చాలా రోజులు ఏడ్చాక అవి మెల్లగా మానాయి. వాడికిప్పుడు మీసాలు వస్తున్నాయి. వాడికేమీ తెలియదు.

అత్తమ్మ మళ్లీ ఏ బిడ్డకూ తానం పోయలేదు. కోహీర్‌లో మా ఆడబిడ్డకు కాన్పయినప్పుడు వెళ్లింది, వండింది, బట్టలు ఉతికింది, పసిదాన్ని మాత్రం ముట్టలేదు. తన చెయ్యి పిల్లలకు పడదని చెప్పిందట. ఊళ్లో అందరి పిల్లలకూ చేసి తన బిడ్డకే చేయలేదని ఆడబిడ్డ ఇప్పటికీ పొడుస్తుంది. వచ్చినా తల్లితో ముభావంగానే ఉంటుంది. అత్తమ్మ కొంగు సర్దుకుంటుంది. ప్రతి మాటకూ జవాబున్న నేను అక్కడే ఉంటాను. చాయ్ పోస్తాను.

వాళ్లకు చెబుతానా? తెలియదు. చెప్పాలనుకున్నప్పుడల్లా ముందు నా తరఫు వాదన తయారవుతుంది. అప్పటికి చిన్నదాన్ని. షాపువాడు హెచ్చరించలేదు. పిండితో రుద్దడం కూడా మంచిది కాదు కదా. అన్నీ నిజాలే. ఒక్కటీ పనికిరాదు.

నూనె వల్ల కాదు. ట్యూబ్ వల్ల. పూసింది నేను. అడిగితే లేదన్నది నేను. ఆమెను చూపించింది నేను.

ఇది రాస్తే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఇక్కడ "అయితే" అని ఇంకో వాక్యం మొదలుపెట్టబోయి ఆగాను. కాస్త ఊపిరి ఆడుతోంది.