బాపు మెచ్చిన జావా గిన్నె

నా కడుపుమంట చిన్నది కాదు, ముందే చెబుతున్నాను. అది మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఎదురింట్లో ఉండే, జావా దీవి నుంచి వచ్చిన ఆవిడ మీద. వారమంతా ఫార్మా ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తుంది. శనివారం రాగానే అద్దె గరాజు షట్టర్ ఎత్తి, వాళ్ల తాత దగ్గర నేర్చుకున్న వెండిపనికి కూర్చుంటుంది.

మా బాపు కరీంనగర్‌లో నలభై ఏళ్లు వెండి తీగ అల్లినవాడు. ఆర్నెల్లు ఉందామని దేశం దాటి నా దగ్గరికి వచ్చాడు. ఐసెలిన్‌లో మనవాళ్ల నగల కొట్లన్నీ తిప్పితే, "అంతా మిషన్ పనే బిడ్డా" అని మొహం చిట్లించి కారెక్కాడు. అలాంటి మనిషి ఓ శనివారం చాయ్ తాగుతూ చెవి రిక్కించాడు.

"అగో, వెండి మీద సుత్తె సప్పుడు!"

గ్లాసు అక్కడే పెట్టి, చెప్పులేసుకుని ఆ చప్పుడు వెంట ఆమె గరాజుకి వెళ్లిపోయాడు.

ఇక ప్రతి శనివారమూ అక్కడే మకాం. ఆమెకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లిష్ రాదు. గుగ్గిలం, ఇటుకపొడి కలిపి కరిగించిన ముద్ద మీద ఆమె వెండి రేకు పరిచి వెనకనుంచి కొడుతుంటే, ముందువైపు ఆకు ఉబ్బేది. తిప్పి సన్న ఉలితో ఈనెలు దిద్దేది. బాపు వేలు పెట్టి 'ఇక్కడ ఇంకొంచెం' అని చూపించేవాడు. చివర్న ఆమె కుంకుడు రసంతో తోముతుంటే, "మన లెక్కనే!" అని మురిసిపోయేవాడు. గొప్ప పనితనం, కాదనను. అదే నా ఏడుపు.

పదేళ్లప్పుడు నేను బాపు పక్కన కూర్చుని తీగ పట్టే చిమటా అందుకుంటే చేతి మీద ఒక్కటేశాడు. "సదువుకో పో. ఈ పొగ నీకొద్దు." చదువుకున్నాను. ఆ చేతితో ఇప్పుడు కోడ్ రాస్తున్నాను. నన్ను కొట్టిన ఆ చేయే పరాయి మనిషి మణికట్టు పట్టుకుని ఉలి వాలు సరిచేస్తోంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

ఓ వారం ఆమె బాపుకి అరచేతిలో ఇమిడే గిన్నె ఇచ్చింది. చుట్టూ తీగ, ఆకులు. ఆకులు పైకి తేలి కనబడాలని గాడుల్లో గంధకంతో నలుపు పట్టించింది. బాపు దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని గంటసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఏం చెయ్యి బిడ్డా ఆమెది!"

"నా చేతికేం తక్కువ బాపూ?"

"నీదేమున్నది, కంప్యూటర్ చెయ్యి" అని నవ్వాడు.

మర్నాడు ఆయన వాకింగ్‌కి వెళ్లగానే, షాపులో తెచ్చిన సిల్వర్ క్లీనర్‌లో ఆ గిన్నె ముంచాను. వెండిపని ఇంట్లో పుట్టినదాన్ని. ఆ ద్రావకం నలుపునంతా తినేస్తుందని నాకు బాగా తెలుసు. తెలిసే ముంచాను. గిన్నె తెల్లగా, స్టీలు గిన్నెలా బయటికొచ్చింది. ఆకు ఏదో, తీగ ఏదో తెలియలేదు. తుడిచి మళ్లీ అక్కడే పెట్టాను.

బాపు తిట్టలేదు. "తళతళ మెరవాలె అనుకున్నవా?" అన్నాడు. "ఊఁ" అన్నాను. గిన్నెను తువ్వాలులో చుట్టి ఉంచి, శనివారం రాగానే నన్ను వెంటబెట్టుకుని గరాజుకి నడిచాడు.

"నేను చెప్త, నువ్వు ఇంగ్లిష్ల చెప్పు. నా బిడ్డకు ఎర్క లేదమ్మా. నేనే నేర్పలే. తప్పు నాది, మాఫ్ చెయ్యమను."

ఆమె నావైపు తిరిగింది. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను: "నలుపు పోతుందని నాకు తెలుసు. ఆయన మిమ్మల్ని మెచ్చుకుంటుంటే ఓర్వలేక, కావాలనే చేశాను. సారీ."

ఆమె సుత్తి పక్కన పెట్టి గిన్నె కోసం చెయ్యి చాపింది.

"ఏమన్నవ్ బిడ్డా?"

"నువ్వన్నదే చెప్పిన బాపూ."

ఆమె గంధకం సీసా తీసింది. గిన్నెకు మళ్లీ నలుపు పట్టించింది. కుంకుడు రసం, బ్రష్షు నా ముందుకు జరిపింది. గాడుల్లో నలుపు పోకుండా, ఆకుల మీద మాత్రం తేలిగ్గా తోమాను. బాపు వంగి నా చేతినే చూశాడు.

"అబ్బ, ఎంత మంచిగ పడ్తున్నది చెయ్యి! నీకు చిన్నప్పుడే నేర్పాల్సి ఉండె."

ఈ మాట కోసం ముప్ఫై ఏళ్లు ఎదురుచూశాను. ఆయన పక్కనే ఆమె నిలబడి ఉంది. నేను తలెత్తకుండా తోముతూనే ఉన్నాను.